గట్టు దాటితే రుచి మారే నేల

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు తాండూరు దగ్గర. ఇంటి నిండా బండలు పరిచి ఉండేవి. నీలం కలిసిన బూడిదరంగు నాపరాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద వీపు ఆనిస్తే చాలు, చాప కూడా అక్కర్లేదు. చెలకలో బావి తవ్వినా ఆ రాయే తగిలేది. ఇంటి కింద అదే, కంది చేను కిందా అదే. బయటి నుంచి ఎవరైనా కందిపప్పు తెస్తే అమ్మమ్మ రెండు బద్దలు నోట్లో వేసుకుని నమిలి చూసేది. "గిది మన దిక్కుది కాదు బిడ్డా" అని మూట పక్కకు జరిపేది. ఎట్ల తెలుస్తది అమ్మమ్మా అంటే, "ఉడికేటప్పుడు సూడు, వాసనే చెప్తది" అనేది.

2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం జీఐ ట్యాగ్ అంటున్నది అదే. ఆ పప్పు రుచికి కారణాలుగా చూపినవి లోతైన నల్లరేగడి, అందులో ఉండే అట్టాపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగున పరుచుకున్న సున్నపురాయి. పేపర్లో ఆ వార్త చదువుతుంటే అమ్మమ్మ ఇంటి బండల చల్లదనం మళ్ళీ వీపుకు తగిలినట్టయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఫ్రాన్సు వెళ్ళినప్పుడు, బర్గండీలో ఒక ద్రాక్ష తోట ప్రహరీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గోడ సున్నపురాయిదే. తోటలో మట్టి మధ్య తేలిన పెళ్ళలూ సున్నపురాయివే. అక్కడివాళ్ళు వందల ఏళ్ళుగా చేస్తున్నది మా అమ్మమ్మ చేసిన పనే. నోట్లో వేసుకుని, ఇది ఏ చేనుదో చెప్పడం. వాళ్ళు దాన్ని రాసిపెట్టుకున్నారు, చేను చుట్టూ గోడలు కట్టారు, చివరికి చట్టం చేయించుకున్నారు. ఎవరినీ వైన్ తాగమని చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఒక నేల రుచిని ఒక ఊరు ఎలా గుర్తుపట్టింది, ఎలా కాపాడుకుంది అన్న కథ వైన్‌లో ఉన్నంత వివరంగా మరే పంటలోనూ నాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాలుగున్నర ఎకరాల పేరు

బర్గండీ తూర్పు ఫ్రాన్సులో ఉంది. దాని గుండెకాయ కోట్ డోర్ అనే కొండవాలు. దిజోన్ నగరం నుంచి దక్షిణంగా, బోన్ పట్నం దాటి, 50 కిలోమీటర్ల పైచిలుకు సాగుతుంది. వెడల్పు మాత్రం చాలాచోట్ల ఒకటి రెండు కిలోమీటర్లే. సైకిల్ మీద వెళ్తే అరగంటకు నాలుగు ఊళ్ళు దాటేయవచ్చు. ఎర్ర వైన్ చేసేది దాదాపు అంతా పీనో న్వార్ అనే ఒక్క ద్రాక్షతోనే. తెల్ల వైన్‌కు షార్దొనే. అంటే మొక్క ఒకటే, చేసే పద్ధతీ ఇంచుమించు ఒకటే. ఇక తేడా ఏదైనా ఉందంటే అది నేల నుంచి రావాలి, లేదా మనిషి చేతి నుంచి రావాలి. బర్గండీని చూస్తే ఈ విషయం తేటగా అర్థమయ్యేది అందుకే.

మన ఊళ్ళలో సర్వే నంబరు పట్వారీకి కావాలి గానీ, రైతు నోట వచ్చేది చేను పేరే. మర్రిచెట్టు చేను, గుట్టకింది మడి, సున్నపు చెలక. అక్కడా అంతే. పేరున్న ప్రతి చెక్కనూ వాళ్ళు 'క్లిమా' అంటారు. 2015 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఈ కొండవాలును చేర్చినప్పుడు లెక్కలోకి వచ్చిన క్లిమాలు 1,247. పేర్లు కూడా మన పేర్లలాంటివే. పెరియేర్ అంటే రాతిగనులు. ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప తెల్ల వైన్లలో ఒకటనిపించుకున్న మోంరాషే అంటే బోడిగుట్ట.

వోన్-రొమానే అనే ఊరి చివరి ఇళ్ళు దాటి కొండవైపు నాలుగడుగులు వేస్తే, మోకాలెత్తు రాతిగోడ, దాని మీద రాతి శిలువ కనిపిస్తాయి. లోపల ఉన్నది రొమానే-కోంతి. విస్తీర్ణం 1.8 హెక్టార్లు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి తయారయ్యేది కొన్ని వేల సీసాలు. 1945లో ఇక్కడ పండిన ద్రాక్షతో చేసిన ఒక్క సీసా 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఆ ధరను సమర్థించడం నా వల్ల కాదు. కోటీశ్వరుల పోటీకి నేల బాధ్యత వహించదు. కానీ ఆ గోడ పక్కన నిలబడి కిందికి చూస్తే కనబడేది మాత్రం మరిచిపోలేనిది. ట్రాక్టరు పట్టేంత దారి. దారికి అటువైపు కూడా అదే పీనో న్వార్, అదే వరసలు, అవే చేతులు కత్తిరించిన తీగలు. ఇంకా కిందికి, ఊరు దాటి, హైవే దాటితే అక్కడా అదే ద్రాక్ష. కానీ హైవే దిగువన పండిన దాని మీద చాలామటుకు ఊరి పేరు కూడా వేసుకోవడానికి వీల్లేదు. 'బర్గండీ' అని మొత్తం ప్రాంతం పేరు వేసుకోవాలి, అంతే. నడిస్తే పావుగంట దూరం.

అక్కడ నాలుగు మెట్లు ఉన్నాయి. అడుగున ప్రాంతం పేరు, దానిపైన ఊరి పేరు, ఆ పైన 'ప్రెమియే క్రూ' చేలు, శిఖరాన 'గ్రాన్ క్రూ' చేలు. గ్రాన్ క్రూలు మొత్తం బర్గండీలో 33. ఉత్పత్తిలో వాటి వాటా ఒకటి రెండు శాతం. సీసా మీద ఊరి పేరు ఎంత పెద్దదైతే వైన్ అంత గొప్పదనుకుంటాం మనం. అక్కడ లెక్క తిరగబడుతుంది. పేరు ఎంత చిన్న చెక్కను చూపిస్తే అంత విలువ.

రాయి రసంలోకి ఎక్కదు

ఈ తేడాలకు కారణం అడిగితే చాలామంది వైన్ అమ్మేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. వేరు రాయిని చీల్చుకుని లోపలికి పోతుంది, ఆ రాయి రుచిని పైకి లాక్కొస్తుంది అని. వినడానికి బాగుంటుంది. నిజం కాదు. వేరు పీల్చుకునేది నీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటి పోషకాలను. అవి నాలుకకు రాయి రుచిగా తగిలేంత పాళ్ళలో వైన్‌లో ఉండవు. అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఓపికగా చెబుతున్నది ఇదే.

మరి నేల ఏం చేస్తుంది? ముందుగా నీటిని చూసుకుంటుంది. బోర్దో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెరార్ సెగాన్ అక్కడి పేరుమోసిన తోటల్లో తవ్వి చూసి తేల్చినది, గొప్ప తోటలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక ప్రత్యేకమైన ఖనిజం కాదు, నీటిని అందించే తీరు అని. వాన పడితే నీరు నిలవకూడదు. వాన లేకపోతే వేరు పూర్తిగా ఎండిపోకూడదు. కొసరి కొసరి ఇవ్వాలి. బత్తాయి రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. చెట్టును కొన్నాళ్ళు బెట్టకు వదిలితేనే పూత కడుతుందని అతనికి తెలుసు. ద్రాక్ష కూడా నీరు పుష్కలంగా ఉన్నంతకాలం ఆకూ తీగా పెంచుకుంటూ పోతుంది. ఎండాకాలం నడుమ కాస్త నీటి ఎద్దడి తగిలితే తీగ సాగడం ఆపి, ఉన్న బలమంతా కాయకు పెడుతుంది. కాయ చిన్నదిగా నిలుస్తుంది. రంగు, వగరు, సువాసన ఉండేవి ఎక్కువగా తోలులో. కాయ చిన్నదైతే రసానికి తోలు పాలు ఎక్కువ. వైన్ చిక్కదనం అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు కోట్ డోర్ వాలును చూడండి. పైన అడవి. అక్కడ మట్టి పలచన, గాలి చల్లన, కాయ పండడం కష్టం. అడుగున వందల ఏళ్ళుగా కొట్టుకొచ్చిన లోతైన మట్టి, తడి, మంచు దిగితే నిలిచిపోయే పల్లం. నడుమ నాభి దగ్గర, సముద్ర మట్టానికి 250 నుంచి 300 మీటర్ల ఎత్తున, మట్టి తగినంత, సున్నపురాయి పగుళ్ళలోంచి నీరు జారిపోతుంది, బంకమట్టి కొంత పట్టి ఉంచుతుంది. గ్రాన్ క్రూలన్నీ దాదాపు ఆ నడికట్టు మీదే. వాలు తూర్పు ముఖంగా ఉండడం ఇంకో మేలు. పొద్దున్నే ఎండ పడి గుత్తుల మీది మంచు ఆరిపోతుంది, కుళ్ళు పట్టదు. పడమటి నుంచి వచ్చే వానలను వెనకున్న కొండలు కొంత ఆపుతాయి.

వేడి సంగతి మరో చోట ఇంకా బాగా కనబడుతుంది. దక్షిణాన రోన్ నది దగ్గర షాతోనెఫ్ దు పాప్ తోటల్లో మట్టే కనబడని చెక్కలున్నాయి. కొబ్బరికాయంత నున్నటి గులకరాళ్ళు పరిచినట్టుంటాయి. పగలంతా ఎండను తాగి రాత్రి మెల్లగా వదులుతాయి. అక్కడి వైన్‌లో సారా శాతం ఎక్కువ, పండిన పండు వాసన ఎక్కువ. అటు ఉత్తరాన షాబ్లీలో చలి. అదే షార్దొనే అక్కడ పుల్లగా, బిగువుగా, పచ్చి ఆపిల్ కొరికినట్టు ఉంటుంది.

మళ్ళీ కోట్ డోర్‌కు వస్తే, పొమార్, వొల్నే పక్కపక్క ఊళ్ళు. వొల్నేలో ఒక మహిళా రైతు ఇంటి కింద నేలమాళిగలోకి దిగాం. గోడల నిండా నల్లటి బూజు, తడి వాసన, వరసగా 228 లీటర్ల ఓక్ పీపాలు. ఆమె గాజు గొట్టాన్ని పీపాలోకి దించి, పైన బొటనవేలితో మూసి, తీసి రెండు గ్లాసుల్లో పోసింది. "రెండూ నా చేతివే. రెండు రోజుల తేడాతో కోశాను. పీపాలు కూడా ఒకే చోట చేయించినవి. చెప్పండి" అంది. మొదటిది వాసన చూస్తుండగానే నేరేడు పండు, వెనక ఎక్కడో గులాబీ. నోట్లో పట్టులా జారింది. రెండోది తొందరగా మాట్లాడలేదు. తాగాక చిగుళ్ళు పట్టేసింది. ఇంగ్లీషు పుస్తకాలు ఈ పట్టేయడాన్ని వర్ణించడానికి వాక్యాలు ఖర్చు పెడతాయి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తిన్నవాళ్ళకు ఒక్క మాట చాలు, వగరు. మొదటిది వొల్నే, రెండోది పొమార్. "పొమార్ మట్టిలో బంక ఎక్కువ, ఇనుము ఎక్కువ, ఎర్రగా ఉంటుంది చూడండి" అని మెట్ల పక్కన పెట్టిన తన బూట్లను చూపించింది. ఒక బూటు అడుగున అంటుకున్న మట్టి లేత గోధుమ రంగులో ఉంది, మడమ దగ్గర ఎర్రటి పెళ్ళ.

గోడ కట్టినవాళ్ళు, పంచుకున్నవాళ్ళు

ఈ చేలను మొదట ఇంత నిశితంగా విడదీసింది మఠాల్లోని సన్యాసులు. 1098లో ఈ వాలుకు కొంత దూరంలో సితో అనే చోట ఒక మఠం పుట్టింది. దానిలోని సన్యాసులు పొలం పని ప్రార్థనతో సమానమని నమ్మారు. దానంగా వచ్చిన చెక్కలన్నీ కలుపుకుంటూ పోయి, దాదాపు 50 హెక్టార్ల తోట చుట్టూ గోడ కట్టారు. అదే క్లో ద వూజో. సన్యాసులు మట్టిని నాలుకతో రుచి చూసేవారని కథలు చెబుతారు. అది నిజమో కాదో గానీ, తరతరాలుగా ఒకే సంస్థ, ఒకే చేను, ప్రతి ఏడూ రాసిన లెక్కలు ఉంటే ఏ మూల ఏం పండుతుందో తెలియకుండా ఎలా ఉంటుంది?

1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ఒక శాసనం చేశాడు. గామే అనే ద్రాక్షను పీకేయమని. అది పీనో కన్నా తొందరగా పండుతుంది, రెట్టింపు కాస్తుంది. ప్లేగుకు మనుషులు పోయి కూలీలు దొరకని రోజుల్లో రైతులు దాన్ని నాటుకున్నారు. వైన్ మాత్రం నీచంగా ఉందని ప్రభువు కోపం. రైతు కడుపు మీద కొట్టిన శాసనమే అది, అందులో సందేహం లేదు. అయినా ఒక ప్రాంతం పేరు చెడకూడదంటే ఏం నాటాలో కట్టడి ఉండాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. ఆ వెలివేసిన గామే తర్వాత దక్షిణాన బోజొలే గ్రానైట్ నేలల్లో స్థిరపడింది. అక్కడ మోర్గోన్ లాంటి ఊళ్ళలో అది చేసే వైన్ ఎవరూ చులకన చేయలేనిది. సున్నపురాయి మీద తేలిపోయిన మొక్క గ్రానైట్ మీద నిలబడింది.

ఫ్రెంచి విప్లవం మఠాల భూములు లాక్కుని అమ్మేసింది. ఆ తర్వాత 1804 నాటి నెపోలియన్ చట్టం తండ్రి ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచమంది. పంపకాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఎకరం రెండరలవుతుంది, అర గుంటలుగా చీలుతుంది. ఒకప్పుడు ఒకే యజమాని ఉన్న క్లో ద వూజో గోడ లోపల ఇప్పుడు దాదాపు 80 మంది యజమానులు. కొందరికి నాలుగైదు వరసలు. గోడ లోపల అంతా గ్రాన్ క్రూ, కానీ పైమూల నేల వేరు, హైవే పక్కన తడి పల్లం వేరు. రెండు సీసాల మీదా ఒకటే పేరు. ఈ పద్ధతిలో నాకు మింగుడు పడని చోటు ఇదే. పేరు నేలను చూపిస్తుంది గానీ, ఆ ఏడాది ఎవరు ఎంత శ్రద్ధ పెట్టారో చూపించదు. బర్గండీ కొనేవాళ్ళలో తెలిసినవాళ్ళు ముందు రైతు పేరు చూసి, తర్వాత చేను పేరు చూస్తారు.

మనలో చాలామంది ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే. ఎక్కడి నుంచి వచ్చామో ఆ ఊరు పేరు ముందు మోస్తాం. బర్గండీలో ఊళ్ళే చేల పేర్లు తగిలించుకున్నాయి. జెవ్రే అనే ఊరు 1847లో తన గొప్ప చేను షాంబెర్తాన్ పేరు కలుపుకుని జెవ్రే-షాంబెర్తాన్ అయింది. ఆ తర్వాత షాంబోల్ ముసిన్యిని, పులిన్యి మోంరాషేని కలుపుకున్నాయి. ఒక ఊరు తన చేనుకు వారసురాలిగా చెప్పుకోవడం ఎంత ముచ్చటైన విషయం! ఆ పేరుకు అంత గిరాకీ ఉంది మరి. గిరాకీ ఉన్న చోట దొంగ కూడా ఉంటాడు.

దొంగ పేర్లు, తగలబడ్డ ఊళ్ళు

ఆపెలాసియోన్ అంటే ఒక ఊరి పేరు సీసా మీద వేసుకునే హక్కు, దానితో పాటు తలకెత్తుకునే షరతులు. ఈ చట్టం పెద్దమనుషులు రుచులు చర్చించుకుంటూ చేసినది కాదు. నడిరోడ్డు మీద పుట్టింది.

1860లలో అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో ఫిలొక్సెరా అనే కంటికి ఆనని పేను ఫ్రాన్సులోకి దిగింది. వేళ్ళను పీల్చి చంపింది. 1875లో 8 కోట్ల హెక్టోలీటర్లు దాటిన దేశపు వైన్ ఉత్పత్తి 1889కి 2.5 కోట్ల లోపుకు పడిపోయింది. చివరికి మందు దొరికింది గానీ అది మందు కాదు, అంటు. పేనుకు అలవాటు పడ్డ అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను కట్టడం. ఇవాళ బర్గండీలో చూసే దాదాపు ప్రతి తీగకూ పాదం అమెరికాదే. నేల రుచి గురించి ఎవరైనా మరీ గర్వంగా మాట్లాడితే ఈ మాట గుర్తు చేయాలనిపిస్తుంది.

తోటలు పోయిన ఆ ఇరవై ముప్పై ఏళ్ళలో మార్కెట్ ఖాళీగా ఉండలేదు. ఎండు ద్రాక్షను నానబెట్టి పులియబెట్టారు. పిప్పిలో చక్కెర నీళ్ళు పోశారు. దక్షిణాది చవక వైన్‌కు బర్గండీ చీటీ అంటించారు. మళ్ళీ తోటలు వేసుకుని రైతు కోలుకునేసరికి, అతని సరుకుకు ధర లేదు. 1907 వేసవిలో దక్షిణాన లాంగ్‌డాక్ ప్రాంతపు రైతులు లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. అక్కడి నార్బోన్ పట్నంలో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. 1911లో షాంపేన్ ప్రాంతం మండింది. బయటి ద్రాక్ష తెప్పించి షాంపేన్ పేరుతో అమ్ముతున్నారన్న కోపంతో రైతులు అయి అనే ఊళ్ళో వ్యాపారుల ఇళ్ళ మీద పడ్డారు. పీపాలు పగిలి వైన్ వీధి కాలవల్లో పారింది. అదే సమయంలో ఓబ్ జిల్లా రైతులు మరో బాధతో ఊరేగారు. ప్రభుత్వం గీసిన గీతకు వాళ్ళ తోటలు అవతల పడ్డాయి. తాతల నాటి నుంచి షాంపేన్‌కు ద్రాక్ష ఇస్తున్నవాళ్ళు ఒక్క రోజులో పరాయివాళ్ళయ్యారు. పూర్తి హక్కుతో వాళ్ళు గీత లోపలికి రావడానికి 1927 దాకా పట్టింది. పటం మీద గీత గీసే ప్రతి అధికారీ ఓబ్ రైతుల కథ చదవాలి.

దారి చూపింది షాతోనెఫ్ దు పాప్ రైతులు. న్యాయశాస్త్రం చదివిన బారన్ ల ర్వా అనే తోట యజమానిని ముందు పెట్టుకుని 1923లో వాళ్ళు తమకు తామే కట్టుబాట్లు రాసుకున్నారు. ఊళ్ళ సరిహద్దులు పక్కన పెట్టి, వాముకు దగ్గరి వాసనున్న థైమ్, లావెండర్ మొలిచే పొడి నేలలే ఈ పేరుకు తగినవన్నారు. ఏ రకాలు నాటాలి, ఎలా కత్తిరించాలి, పాడైన గుత్తులు ఎంత ఏరి పారేయాలి, సారా కనీసం 12.5 శాతం ఉండాలి అని రాశారు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది. నీతో పాటు నీ పొరుగువాడూ నిజాయితీగా చేస్తేనే నీ పేరు నిలుస్తుందని ఒక ఊరంతా కూర్చుని ఒప్పుకోవడం. దాని మీదే 1935లో సెనేటర్ జోసెఫ్ కాపు పూనికతో జాతీయ చట్టం వచ్చింది. మరుసటి ఏడే అర్బ్వా, షాతోనెఫ్ లాంటివి తొలి ఆపెలాసియోన్లుగా నమోదయ్యాయి.

ఈ షరతులు వైన్ రుచిని నేరుగా మలుస్తాయి. బర్గండీలో చాలా ఎర్ర గ్రాన్ క్రూలకు హెక్టారుకు 35 హెక్టోలీటర్ల దగ్గర గీత ఉంది, అంటే ఎకరానికి దాదాపు 1,400 లీటర్లు. తీగలు మాత్రం హెక్టారుకు 10,000 దాకా నాటతారు. ఒక్కో తీగ ఇచ్చేది సీసా కూడా కాదు. మొక్కల మధ్య పోటీ, తక్కువ కాపు, చిక్కటి రసం. ఆ ఊరి రుచి అని మనం అనేదానిలో ఎంత మట్టిది, ఎంత ఈ కట్టుబాటుది? విడదీయడం నాకు సాధ్యం కాలేదు. విడదీయాల్సిన అవసరం ఉందని కూడా అనుకోను. ఆత్రేయపురం పూతరేకులో బియ్యం ఎంత, ఆ కుండ మీద గుడ్డ లాగే చెయ్యి ఎంత?

కట్టుబాటు బిగుసుకుపోయి ఊపిరాడని సందర్భాలూ ఉన్నాయి. ఇటలీలో టస్కనీ తీరాన బోర్దో ద్రాక్షతో చేసిన సస్సికాయా అనే వైన్ 1968 పంటతో మొదలుపెట్టి మార్కెట్లోకి వచ్చింది. ఆ నేలకు ఆ ద్రాక్ష నిబంధనల్లో లేదు గనుక ఏళ్ళ తరబడి అది 'మామూలు వైన్' అనే చీటీతోనే గొప్ప ధరకు అమ్ముడుపోయింది. తర్వాత నిబంధనే మారింది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రాంతం పేరు వేసుకుంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉంటే చాలు, ఏం నాటాలో ఎవరూ చెప్పరు. స్వేచ్ఛ ఉంది. కానీ కాలిఫోర్నియాలోని నాపా పేరు చూసి సీసాలో ఏ రుచి ఉంటుందో చెప్పడం వొల్నే పేరు చూసి చెప్పినంత సులువు కాదు.

ఆ అమెరికాలోనే చాలా కాలం పెద్ద పెద్ద జగ్గుల్లో 'బర్గండీ', 'షాబ్లీ' అని అమ్మారు. కాలిఫోర్నియా ద్రాక్ష, ఫ్రాన్సు ఊరి పేరు. 2006లో ఐరోపాతో ఒప్పందం కుదిరాక కొత్తవాళ్ళు అలా వేసుకోవడం ఆగింది గానీ, అంతకుముందు నుంచి వాడుతున్నవాళ్ళకు వెసులుబాటు మిగిలింది. ఊరి పేరును సొత్తుగా కాపాడాలన్న ఈ పోరాటమే ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లోకి ఎక్కి, అక్కడి నుంచి మన దేశానికీ వచ్చింది. 1999లో మనం జీఐ చట్టం చేశాం, 2003 సెప్టెంబరులో అమలులోకి తెచ్చాం. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, బనగానపల్లె మామిడి, అరకు కాఫీ, మా తాండూరు కంది, అన్నీ ఆ గొడుగు కిందికే వచ్చాయి. అంటే నార్బోన్ వీధుల్లో పడ్డ రక్తానికీ మా అమ్మమ్మ పప్పు మూటకూ ఒక సన్నటి దారం ఉంది. తేడా ఏమిటంటే, ఫ్రాన్సులో పేరుతో పాటు ఎకరానికి ఎంత పండించాలో, ఎవరు వచ్చి చూసి పోతారో కూడా రాసి ఉంటుంది. మన దగ్గర పేరు వచ్చాక ఫొటో దిగి ఊరుకుంటున్నాం. బజారులో 'తాండూరు కంది' అని రాసిన ప్రతి సంచీలోనూ తాండూరు కందే ఉందని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

మంచు కాచే రాత్రులు

షాబ్లీ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపితే చిన్న చిన్న ఆల్చిప్పలు బయటపడతాయి. కామా గుర్తులా వంపు తిరిగి, వేలిగోరు కన్నా చిన్నవి. దాదాపు 15 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం అడుగు అది. ఆ ఊరి పేరుకు ఈ మట్టే ఆధారం అంటారు. ఆ పేరును నిలబెట్టేది మాత్రం ఏప్రిల్ రాత్రులు.

మార్చి చివర్లో మొగ్గ విచ్చుకుంటుంది. ఏప్రిల్‌లో ఏదో ఒక రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోతే ఉష్ణోగ్రత సున్నా కిందికి జారుతుంది. తెల్లవారేసరికి ఏడాది పంట నల్లగా మాడిపోవచ్చు. అందుకని అర్ధరాత్రి లేచి తోటల్లో మైనం నింపిన డబ్బాలు వెలిగిస్తారు, హెక్టారుకు వందల కొద్దీ. కొండంతా దీపావళిలా ఉంటుంది, ముఖాల్లో పండుగ ఉండదు. కొన్ని తోటల్లో స్ప్రింక్లర్లు తిప్పుతారు. వినడానికి వింతగా ఉంటుంది, చలికి చచ్చే మొగ్గ మీద నీళ్ళు చల్లడం. నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడి మొగ్గను సున్నా దగ్గరే పట్టి ఉంచుతుంది. ఆపకుండా చల్లాలి. పొద్దెక్కి గడ్డ కరిగేలోపే ఆపితే పంట పోయినట్టే. సూర్యుడు వచ్చేసరికి ప్రతి మొగ్గా గాజు బుడగలో దాచినట్టు కనిపిస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఇంత చేసినా బర్గండీ చాలా పంట పోగొట్టుకుంది. చలికాలం వెచ్చబడి మొగ్గ ముందే విచ్చుకోవడం, మంచు మాత్రం తన వేళకే రావడం అసలు చిక్కు.

బోన్ పట్నంలో ద్రాక్ష కోత ఎప్పుడు మొదలైందో 1354 నుంచి రాసి ఉన్న లెక్కలు దొరికాయి. చరిత్రకారుడు తోమా లాబే, ఆయన సహచరులు 2018 దాకా ఉన్న ఆ తేదీలన్నీ ఒకచోట చేర్చి 2019లో ప్రచురించారు. ప్లేగు, యుద్ధాలు, విప్లవం అన్నీ దాటుకుంటూ వచ్చిన వరస అది. అందులో 1988 తర్వాత కోతలు అంతకుముందటి సగటు కన్నా 13 రోజులు ముందుకు జరిగాయి. 2003లో ఆగస్టులోనే కోశారు. ఎండ పెరిగితే చక్కెర పెరుగుతుంది, సారా పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. వొల్నేను వొల్నేగా గుర్తుపట్టేది ఆ పులుపూ ఆ పలచదనంతోనే. రాయి కదలలేదు, గోడ కదలలేదు. పైనున్న ఆకాశం మారుతోంది.

నేలమాళిగ నుంచి పైకి వచ్చాక ఆ వొల్నే రైతు నన్ను పాత వ్యానులో కొండ వెనక్కు తీసుకెళ్ళింది. ప్రెమియే క్రూలన్నీ కిందనే ఉండిపోయాయి. ఇంకా పైకి, అడవి అంచున, గాలి చురుక్కుమంటున్న ఒక చెక్క దగ్గర ఆపింది. అర ఎకరం ఉంటుందేమో. మోచేతి ఎత్తు కొత్త మొక్కలు, ఒక్కోదానికీ కట్టె పాతి కట్టారు. "మా తాత ఇక్కడ మేకలు మేపేవాడు. పీనో ఇక్కడ పండదు, పుల్లగానే ఉండిపోతుంది అనేవాడు. ఆయన కాలానికి అది నిజమే" అంది. ఈ ఎత్తులో పండినదానికి ఊరి పేరు రాదు. ఓత్ కోట్ అని, పై కొండలన్నిటికీ కలిపి ఉన్న పేరు వేసుకోవాలి. ధర సగం కూడా ఉండదు. ఆమె వంగి ఒక మొక్క మొదట్లో మట్టిని తీసి అరచేతిలో నలిపింది. తెల్లటి రాతి పలుకులు. తొలి కాపు ఎప్పుడని అడిగాను. "ఇంకా రెండేళ్ళు. అప్పుడు రండి, రెండు గ్లాసులు పోస్తాను. ఏది ఎక్కడిదో మీరే చెప్పాలి" అంది.